అంగీకారము ఎవరిది?

2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిరులో హాడో రేవు కలదు. అచట ఓడ దిగువారిలో తెలుగువారు తక్కువ కారు; బజారులో వారు మాటలాడునది హిందీ. 2020 ఆగస్టులో చెన్నైనుండి వేసిన సముద్రగర్భపు తంతి ఆ ద్వీపములకు పనిచేయ నారంభించినది. కనుక హాడోలోని రోగి ఇంటనే యుండి దూరనగరమున జరుగు ఔషధపరీక్షలో పాల్గొనుట నేడు సాధ్యమే. మణికట్టున కట్టిన సాధనము నాడిని లెక్కించును. కృత్రిమ మేధ వేలకొలది రోగుల పత్రములు చదివి, పరీక్షకు తగినవారి నేర్చి చూపును. ఇది మేలే, మహానగరములవారిపై మాత్రమే పరీక్షించిన మందు మారుమూలవారికి ఎట్లు పనిచేయునో తెలియుట కష్టము.

ఏర్చుట యంత్రమునకు తగును. ఒప్పుకొనుట యెవరికి తగును?

2009లో ఖమ్మం జిల్లాలో పదినుండి పదునాలుగేండ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకా వేసిరి. దానిని నడిపిన పాత్ సంస్థ అది పరీక్ష కాదు, ప్రదర్శన ప్రణాళిక యన్నది. కొందరు బాలికలు మరణింపగా 2010 ఏప్రిలులో అది నిలిచిపోయినది. ఆ మరణములకు టీకా కారణము కాకపోవచ్చునని విచారణ సంఘము తలచినది. కాని 2013 నాటి పార్లమెంటు స్థాయీ సంఘ నివేదికలో వేరొక సంగతి కలదు: 9,543 సమ్మతి పత్రములలో 2,763 పత్రములపై సంతకము చేసినవారు తల్లిదండ్రులు కారు, వసతిగృహాధికారులు.

ఆ పత్రములను నేటి యంత్రమునకు చూపినచో ఏమనును? గడులన్నియు నిండినవి, లోపము లేదనును. ఒకే చేవ్రాలు వందల పత్రములపై నున్నచో పట్టి యిచ్చుటకును అదే సమర్థము. కాని అట్లు చూడుమని యెవరైన చెప్పవలెను. వ్రాసినదానిని అది చదువును. ఎవ్వరు నడుగని తల్లిని అది చూడజాలదు.

దుర్బలవర్గములవారిపై క్రొత్త రసాయనమును పరీక్షించునపుడు వారి సమ్మతిని దృశ్యశ్రవ్య రూపమున భద్రపరుపవలెనని 2019 నాటి నియమములు విధించినవి. మంచి సాక్ష్యమే. అయినను, కాదనుటకు భయపడువాడు పలికిన ఔనును కూడ ఆ సాధనము ఔనుగానే భద్రపరచును.

హిందీవారు దీనిని సహమతి యందురు, మనస్సులు కలియుట. మనము అంగీకార మందుము. తన అంగముగా చేసికొనుట. అంగము తనదైనప్పుడు దానిని మరియొకరు చేసిపెట్టుట యెట్లు? అనువాద వృత్తిలోని నాకు తోచున దింతే: పత్రమును రోగి భాషలో చదివి వినిపింపవలెను. అతడు తన మాటలలో తిరిగి చెప్పువరకు వేచియుండవలెను. వలదన్నను వైద్యమునకు లోపము రాదని తెలిపిన పిమ్మటనే అడుగవలెను. చదివి వినిపించుట యంత్రము చేయవచ్చును. వేచియుండి, వలదన్న మాటను మన్నింపవలసినవాడు మనుష్యుడే.