తెలియని మాట దగ్గర ఆగండి



రాత్రి అన్నం తిన్నాక మీరు ఒక నవల చేతిలోకి తీసుకున్నారనుకోండి. అది మన దేశం కథ కాదు. నాలుగు పేజీలు చదివేసరికి ఎన్నడూ వినని మాట ఒకటి అడ్డొచ్చింది. అది అక్కడి దేవుడి పేరో, ఆచారమో, కులం లాంటిదో తెలియదు. అప్పుడు మీరేం చేస్తారు?

మనలో చాలామంది చేసేవి రెండు పనులు. ఒకటి, కథ అర్థమైతే చాల్లే అని దాటేయడం. రెండోది, మన ఇంట్లో వాడే మాట ఏదో ఒకటి తెచ్చి దానికి తొడిగేయడం. ఆగి, వెతికి, అడిగి తెలుసుకునేది తక్కువ. చూడటానికి ఇది చిన్న సంగతే. కానీ సమ్యక్ దృష్టి కావాలనుకునే మనకు ఇది నీతికి సంబంధించిన ప్రశ్న.

నైజీరియా రచయిత చినువా అచెబే 1958లో 'థింగ్స్ ఫాల్ అపార్ట్' అనే నవల అచ్చువేశారు. ఇగ్బో ప్రజల పల్లె జీవితం అందులో ఉంటుంది. రాసింది ఇంగ్లిషులోనే అయినా ఇగ్బో మాటలు చాలావాటిని ఆయన అలాగే ఉంచారు. వాటిలో ఒకటి 'ఓసు'.

ఈ మాటను దాటేస్తే ఏం పోతుంది? మన కథే పోతుంది. ఓసు అంటే ఒక దేవతకు అంకితమైపోయిన మనిషి. ఆ మనిషీ, వాళ్ల పిల్లలూ, ఆ పిల్లల పిల్లలూ అందరూ వెలి. మిగతావాళ్లతో పెళ్లి లేదు, వాళ్ల సభలో చోటు లేదు. తల మీద కత్తి పడకూడదు. జడలు కట్టి మాసిపోయిన ఆ జుట్టే వాళ్లకు గుర్తు. చనిపోతే ఊరివాళ్ల దగ్గర కాదు, చెడ్డ అడవిలో పూడుస్తారు.

'ఓహో, అంటరానివాళ్లన్నమాట' అనిపిస్తుంది. నిజమే, బాధ ఒకలాంటిదే. కానీ అక్కడితో ఆగకండి. దేవతకు అంకితం చేయడం అనగానే మన జోగిని, బసివి కూడా గుర్తుకు రావాలి. ఈ పోలికలన్నీ పెట్టుకున్నా ఓసు ఓసే. వాళ్ల బాధకు మన పేరు తగిలించి 'తెలిసిపోయింది' అనుకుంటే, వాళ్లు చెప్పేది వినడం మానేసినట్టే.

అదే నవలలో ఇంకో మాట 'చి'. ఒక్కో మనిషికి తోడుగా ఉండే సొంత దైవం అని దాని అర్థం. తొందరపడితే మనం దాన్ని 'తలరాత' అని చదివేస్తాం. కానీ ఇగ్బోవాళ్ల సామెత ప్రకారం మనిషి గట్టిగా ఔనంటే అతని చి కూడా ఔనంటుంది. మన తలరాత అలా వింటుందా? కథానాయకుడు ఒకోంక్వోకు కష్టకాలంలో ఆ సామెత మీదే అనుమానం వస్తుంది. మనిషికీ, అతని చికీ మధ్య జరిగే ఆ పెనుగులాటే కథకు ప్రాణం. తలరాత అనుకుని చదివితే ఆ పెనుగులాట మనకు కనిపించదు.

మజ్ఝిమ నికాయంలో బుద్ధుడు ఒక గిన్నె సంగతి చెబుతాడు. ఒకే గిన్నెను ఒక్కో ప్రాంతంలో ఒక్కో పేరుతో పిలుస్తారు. మా పేరే నిజం, మిగతావి తప్పు అని పట్టుబట్టవద్దంటాడు. అంటే వస్తువు ఒకటి, పేర్లు వేరు. దీనికి తిరగేసిన మోసం ఇంకోటి ఉంది. పేరు ఒకటే, లోపలి వస్తువు వేరు. దీన్ని బాబాసాహెబ్ బట్టబయలు చేశారు. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' నాలుగో ఖండంలో ఒక భాగమంతా ఈ పనికే కేటాయించారు. కర్మ, పునర్జన్మ, అహింస అనే మాటలు బ్రాహ్మణ మతంలోనూ ఉన్నాయి, ధమ్మంలోనూ ఉన్నాయి. మాట ఒకటే కాబట్టి అర్థమూ ఒకటే అనుకోకండి అని హెచ్చరించారు. ఆత్మ ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి పాత కర్మను మోసుకుపోతుందనే లెక్క, ఆత్మనే ఒప్పుకోని బుద్ధుడికి ఎలా కుదురుతుంది? ఆయన పాళీ నిఘంటువు కూడా కూర్చారు.

మరి మన ఇళ్లలో? దీక్ష తీసుకున్న ఇంట్లో కూడా పాలు విరిగితే 'నా ఖర్మ' అంటాం. పిల్లాడు బడిలో తప్పితే 'వాడి ఖర్మ' అంటాం. గోడ మీద బుద్ధుడి పటం కొత్తది, నోట్లో మాట పాతది.

కాబట్టి తెలియని మాట వస్తే ఇలా చేయండి. ముందు పుస్తకంలోనే వెతకండి: ఆ మాట ఎవరు అంటున్నారు? ఎవరిని అంటున్నారు? అన్నాక ఎదుటివాళ్లకు ఏం జరిగింది? తరవాత నిఘంటువు చూడండి. ఆ నిఘంటువు ఎవరు రాశారో కూడా చూడండి. చివరగా, ఆ మాట కింద నలిగినవాళ్లు ఏమంటున్నారో వినండి. తెలియదని ఒప్పుకోవడం సిగ్గు కాదు. తెలియకుండా తెలుసనుకోవడమే అవిద్య.

మాట తెలిస్తే పని అయిపోయిందా? ఓసు పద్ధతిని తూర్పు నైజీరియాలో చట్టం చేసి రద్దు చేశారు. అది 1956లో, అంటే నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్న ఏడాదే. 1960లో అచెబే రెండో నవల 'నో లాంగర్ ఎట్ ఈజ్' వచ్చింది. మొదటి నవలలో తండ్రిని ఎదిరించి క్రైస్తవంలోకి వెళ్లిన ఒకోంక్వో కొడుకు న్వోయే, ఈ నవలలో ముసలివాడు. చర్చిలో బోధకుడిగా పనిచేసినవాడు. అతని కొడుకు ఇంగ్లాండులో చదువుకుని వచ్చి క్లారా అనే అమ్మాయిని పెళ్లాడతానంటాడు. ఆమె ఓసు. ఆ తండ్రే వద్దంటాడు. మతం మారినా ఆ మాట అతనిలోంచి పోలేదు.

ఇది చదివి 'అయ్యో, ఆ నైజీరియావాళ్లు' అని పుస్తకం మూసేయకండి. ఒక్క ప్రశ్న వేసుకోండి. మన ఇంటికి పెళ్లి సంబంధం వస్తే, అవతలివాళ్లు కూడా దీక్ష తీసుకున్నవాళ్లే అయితే, మనం లోపలికెళ్లి గొంతు తగ్గించి అడిగే మొదటి మాట ఏమిటి? 'మాలా, మాదిగా' అనే కదా?

వెతికి అర్థం తెలుసుకోవాల్సిన మాటలు కొన్ని. నోట్లోంచి ఊడబెరకాల్సినవి కొన్ని. ఏది ఏదో తేల్చుకోవడమూ ధమ్మ సాధనే.

నమో బుద్ధాయ. జై భీమ్.