పర్ణనరుడూ, పాశమైలారం అద్దె గదీ

మరణించినవారి స్వభావానికీ ఇష్టాలకూ తగినట్టు అంత్యక్రియలను రూపొందించుకోవడం నగరాల్లో కొత్త పోకడగా కనిపిస్తున్నా, తెలంగాణ పల్లెల ఆచారంలో దానికి మొదటినుంచీ చోటుంది. పాడెను దారి మధ్యలో దించి, దగ్గరివారు శవం చెవిలో మూడుసార్లు వరుసపెట్టి పిలిచే దింపుడు కల్లం, తర్వాతి రోజుల్లో పోయినవారు ఇష్టపడిన వంటకాలను, అలవాటుంటే కల్లుతో సహా, కాకులకు పెట్టే తంతు, అంటే జనం పిట్టకు పెట్టుడు అనేది, ఈ రెండూ మంత్రం మీద కాక మనిషి మీద ఆధారపడినవి. విస్తరిలో ఏం వడ్డించాలో పంచాంగం చెప్పదు. పోయినవాడు ఏం తినేవాడో ఎరిగినవారు చెప్పాలి.

సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో చిక్కంతా ఆ ఎరిగినవారు ఎవరన్నదే. బిహార్, ఒడిశా, ఉత్తర్‌ప్రదేశ్‌లనుంచి వచ్చి అద్దె గదుల్లో కలిసి బతికే కార్మికుల్లో ఒకరు మరణిస్తే, దేహం సొంతూరికి పోతుంది, కర్మాధికారం రక్తసంబంధికులకు దక్కుతుంది. కానీ రాత్రి షిఫ్టు దిగి అతను ఏం వండుకునేవాడో, ఏ పాట వింటూ నిద్రపోయేవాడో తెలిసిన గదిలోనివారికి ఆ కర్మలో ఏ పాత్రా ఉండదు.

2025 జూన్ 30న ఇదే ప్రాంతంలోని పాశమైలారంలో ఉన్న సిగాచి పరిశ్రమలో, మందుబిళ్లల్లో వాడే సెల్యులోజ్ పొడి తయారయ్యే చోట, జరిగిన పేలుడులో 40 మందికి పైగా మరణించగా, అనేక దేహాలను డీఎన్‌ఏ పరీక్షలతోనే గుర్తించవలసి వచ్చింది. 8 మంది అవశేషాలు దొరకనే లేదు. మామూలుగా ఆచూకీ లేని మనిషి విషయంలో చట్టం ఏడేళ్లు ఆగుతుంది: సహజంగా కబురు తెలియవలసినవారికి అంతకాలం ఏ కబురూ అందకపోతే, అతను బతికే ఉన్నాడని వాదించేవారే దాన్ని నిరూపించాలని 1872 నాటి సాక్ష్య చట్టమూ, దాని స్థానంలో 2024లో అమలైన భారతీయ సాక్ష్య అధినియమమూ చెబుతాయి. దుఃఖం అన్నేళ్లు ఆగలేదు.

దేహం దొరకని మరణానికి శాస్త్రం పర్ణనర దహనాన్ని, అంటే 360 మోదుగాకు కాడలను తలకిన్ని, చేతులకిన్ని అని పంచి కట్టిన మనిషి బొమ్మను దహించడాన్ని, విధించింది. మనిషి ఎముకలు 360 అని చరకసంహిత చెప్పిన లెక్కా ఇదే. విధి ఉదారమైనదే, కానీ ఆ కాడలు రాజుకైనా కూలీకైనా అన్నే, వాటిని ఫలానా మనిషిగా నిలబెట్టేవి గోత్రనామాలు మాత్రమే. అందువల్ల శాస్త్రం వదిలిన ఆ ఖాళీని నింపడమే వ్యక్తికి తగిన వీడ్కోలు ఏర్పాటులో అసలు పని అనిపిస్తుంది. పూల రంగులు, ఫ్లెక్సీ బొమ్మలు దానికి చాలా తర్వాతి సంగతి, తరచుగా అవి బతికున్నవారి హోదా చాటుకోవడానికే పనికొస్తాయి.

ఇంటివారు కర్మ తలపెట్టే ముందు ఆ గదికి ఒక ఫోను చేసి అడగడం, అదే రోజు షిఫ్టు వేళలను బట్టి గదిలోనివారు కూడా మేడమీద ఒక విస్తరి పెట్టడం, ఎవరి అధికారాన్నీ భంగపరచని ఏర్పాటు. అయితే గదికి తెలిసినదంతా ఊరికి చేరనక్కర్లేదు: అప్పులు, తాగుడు, తల్లికి చెప్పని ప్రేమ అక్కడే ఉండిపోవచ్చు, మేడమీది విస్తరి పక్కన మాత్రం అతను తాగే సీసా ఉన్నా తప్పులేదు.