ఆషాఢంలో క్రిస్మస్

పోయిన ఆగస్టులో ఒక శనివారం రాత్రి ఎక్సెల్ షీటు తెరిచి దానికి ‘ఇంటి క్రిస్మస్’ అని పేరు పెట్టాను. వృత్తి అలవాటు. ఏ పనైనా గళ్ళలోకి ఎక్కితే తప్ప నాకు మొదలైనట్టనిపించదు. ఏం చెయ్యాలి, ఎప్పటికి, ఎంతవుతుంది, ఎవరు చేస్తారు: ఇవీ నాలుగు నిలువు వరసలు.

దీనికి కారణం అంతకుముందటి పండగ. స్టారు, చెట్టు, కేకు, బట్టలు, పిండివంటలు, అన్నీ ఫోన్లోనే ఆర్డరు పెట్టాం. డిసెంబరు 24 సాయంత్రానికి హైదరాబాదులో మా హాల్లో అట్టపెట్టెలు మా ఆరేళ్ళ పాప ఎత్తున పేరుకున్నాయి. క్రెడిట్ కార్డు బిల్లు జనవరిలో వచ్చింది. అప్పటికి ఆ పెట్టెల్లోంచి ఏమేం వచ్చాయో పాప ఒక్కటీ చెప్పలేకపోయింది (ఖాళీ పెట్టెలతో మాత్రం చాలా రోజులు ఆడుకుంది). అందుకని ఈసారి మా చిన్నప్పటిలా చేద్దామనుకున్నాను. ముందే మొదలుపెట్టి, తక్కువలో, అన్నీ ఇంట్లోనే.

అమ్మకి ఫోన్ చేసి చెబితే నవ్వింది. “అన్నీ బేకరీలో దొరుకుతున్నాయి కదయ్యా, కొనెయ్. ఇప్పుడెవరు పడతారా చాకిరీ?”

నిజం చెప్పొద్దూ, కొంచెం నొచ్చుకున్నాను. నేను ఆమె పండగని మెచ్చుకుంటుంటే ఆమె బేకరీని మెచ్చుకుంటోంది.

మాది తెనాలి దగ్గర ఒక పల్లె. నాన్నది చిన్న ఉద్యోగం. అమ్మ మిషను కుట్టేది. మా ఇంట్లో క్రిస్మస్ ఆషాఢంలో మొదలయ్యేది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, బట్టల కొట్లలో బేరాలు పడిపోతాయి, అందుకని ధరలు తగ్గించి అమ్ముతారు. చర్చి క్యాలెండరులో ఆషాఢం లేదుగానీ అమ్మ క్యాలెండరులో ఉండేది. తెనాలి వెళ్ళి ఏదో ఒక తానులో మిగిలిన ముక్క బేరమాడి తెచ్చి, ట్రంకుపెట్టె అడుగున కలరా ఉండలు వేసి దాచేది. డిసెంబరులో పేటంతా బట్టలు ఆమెకే ఇచ్చేవాళ్ళు కాబట్టి మావి అక్టోబరులోగా అయిపోవాలి. ఒకటే గుడ్డ: అన్నయ్యకీ నాకూ చొక్కాలు, చెల్లికి గౌను, మిగిలిన పీలికతో దిండు గలీబు. గుళ్ళో ముగ్గురం వరసగా నిలబడితే “బ్యాండుమేళం వచ్చిందిరోయ్” అనేవాళ్ళు.

రేషన్లో ఇచ్చిన పంచదారలో ప్రతినెలా రెండు గ్లాసులు పక్కకి తీసేది. సెప్టెంబరు నుంచి మా ఇంట్లో టీ చప్పగా ఉండేది. నేనది వానల వల్ల అనుకునేవాణ్ణి. ఎందుకనుకున్నానో తెలీదు, కానీ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. స్టారు నాన్న పని. వెదురు బద్దల చట్రం ఏడాదంతా అటక మీద ఉండేది. డిసెంబరు రాగానే దించి, మైదా ఉడికించిన జిగురుతో కొత్త గాజు కాగితం అతికించి, లోపల బల్బు పెట్టేవాడు. అరిసెలకి బియ్యం నానబోయడం, దంచడం, పాకం పట్టడం, గులాబీ పువ్వులు, కజ్జికాయలు, జంతికలు... అవన్నీ ఆఖరి వారంలో, రాత్రి మిషను ఆపేశాక.

పండగ రోజు మాత్రం మా ఇంట్లో లెక్క అనేదే కనిపించేది కాదు. ఎవరొచ్చినా పళ్ళెం నిండా పెట్టి, అది అవకముందే ఇంకో నాలుగు వేసేది. పక్క హిందువుల ఇళ్ళకి పళ్ళాల మీద గుడ్డ కప్పి మా చేత పంపేది. అవే పళ్ళాలు సంక్రాంతికి నిండుగా తిరిగొచ్చేవి. మేం లేనివాళ్ళమని నాకు ఇంటర్ చదవడానికి విజయవాడ వెళ్ళాకగానీ తెలీదు.

మళ్ళీ షీటు దగ్గరకొస్తే, అందులో మొత్తం 23 వరసలు. ‘ఎవరు చేస్తారు’ అన్నదాని మీద ఫిల్టరు పెట్టి చూశాను. 14 చోట్ల ‘అమ్మ’ అని ఉంది. నేను రాసిందే. ఆమెని అడక్కుండా, అనుమానమైనా లేకుండా. నా పేరు నాలుగు చోట్ల ఉంది, వాటిలో ఒకటి ‘ఫోటోలు’. అమ్మ వరసలకి ఎదురుగా ఖర్చు అంటే బియ్యం, బెల్లం, నూనె మాత్రమే. ఆఫీసులో ఎవరైనా మనుషుల గంటల్ని సున్నా వేసి ఎస్టిమేటు ఇస్తే నేను వెనక్కి పంపేస్తాను. నాకు చౌకగా కనిపించిన ఇంటి పండగ చౌక కాదు. దాని ధర ఇంకొకరి నడుమునొప్పిలో కట్టబడింది, అంతే.

ఇంట్లో చేసిందాని గొప్పతనం గురించి మాట్లాడే హక్కు తిన్నవాళ్ళకెంత ఉంది? ఈ ప్రశ్న పట్టుకుని కొన్నాళ్ళు ఏవేవో తిరగేశాను. అరిస్టాటిల్ ‘నికోమాకియన్ ఎథిక్స్’ నాలుగో భాగంలో మామూలు ఔదార్యం గురించి చెప్పాక, ఘనంగా, సందర్భానికి తగ్గట్టు ఖర్చుపెట్టడాన్ని వేరే సుగుణంగా చెబుతాడు. అలాంటివాడు ఎంత అందంగా చేద్దామా అని చూస్తాడుగానీ ఎంత తక్కువలో తెముల్తుందా అని చూడడట. పైసా పైసా లెక్కేయడం అల్పుల లక్షణమట. పేదవాడికి ఈ గుణం అసలు సాధ్యమే కాదంటాడు. చదివినప్పుడు ఒళ్ళుమండింది. కానీ అదే చోట, పసివాడికివ్వడానికి ఒక మంచి బంతి ధర తక్కువే అయినా అది ఘనమైన కానుకేనని ఒప్పుకుంటాడు కూడా. అక్కడిదాకా వచ్చినవాడు ఇంకో అడుగు వేసుండాల్సింది. ఆ బంతి కోసం ఎన్ని నెలలు కూడబెట్టారన్నది ఆయన లెక్కలోకి రాదు. ఆయన చూసేది ఖర్చయ్యే రోజుని మాత్రమే.

కథల్లో కూడా ఇంతే. ఓ హెన్రీ కథలో డెల్లా కిరాణా కొట్లో గీచి గీచి బేరమాడి ఎంత దాచినా, క్రిస్మస్ ముందురోజుకి చేతిలో ఉన్నది ఒక డాలరు 87 సెంట్లు. అప్పుడామె జుట్టు అమ్ముకుంటుంది, అక్కణ్ణుంచే కథ. స్క్రూజ్ ఒక్క రాత్రిలో మారిపోతాడు. సాహిత్యానికి ఆఖరి నిమిషపు త్యాగం కావాలి. ఆషాఢంలో మొదలుపెట్టినవాళ్ళ మీద కథ రాదు. అయితే 1843 నాటి ఆ డికెన్స్ పుస్తకంలోనే ఒక మూల మిసెస్ క్రాచిట్ ఉంది. వారానికి 15 షిల్లింగులు తెచ్చే గుమాస్తా పెళ్ళాం. రెండుసార్లు తిరగేసి కుట్టించిన గౌను, దానిమీద చవక రిబ్బన్లు. ఆమె చేసిన పుడ్డింగు అంతమందికి చిన్నదన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాదు. ఇదివరకు చదివినప్పుడు ఆ గౌను నా కంటికి ఆనలేదు. నాకిప్పుడు స్క్రూజ్ కన్నా ఆవిడే ముఖ్యమనిపిస్తోంది.

నవంబరులో ఊరెళ్ళినప్పుడు అమ్మని అడిగాను, “అసలంత ముందు నుంచి ఎందుకు మొదలెట్టేదానివి? ఖర్చు కలిసొస్తుందనా?”

“కలిసిరావడమేముంది. అప్పటికప్పుడు పూనుకుంటే లేదన్న సంగతి మీకు తెలిసిపోదూ? ముందు నుంచీ తీసిపెడితే ఆ రోజుకి అన్నీ ఉన్నట్టే ఉంటాయి.”

నేను పొదుపనుకున్నది ఆమెకి దాపరికం. పొదుపు కనబడకూడదనే అన్ని నెలల వ్యవధి. నా షీటులోని పొదుపు దానికి సరిగ్గా తలకిందులు. నాకది కనబడాలి. ‘అంతా ఇంట్లోనే చేశాం’ అని నలుగురికి చెప్పాలి, ఫోటోలు పెట్టాలి. నా పొదుపు కొనగలిగినవాడి సరదా. రెండిటికీ ఒకటే పేరు పెట్టడం తప్పేమో.

ఇక్కడ బేతనియలో అత్తరు పోసిన స్త్రీ గుర్తొస్తుంది. ఆ అత్తరు మూడు వందల దేనారాలు చేస్తుంది. దేనారమంటే కూలివాడి ఒక రోజు కూలి, అంటే ఇంచుమించు ఏడాది సంపాదన. అమ్మి పేదలకిస్తే పోయేది కదా అన్నవాడు యూదా అని యోహాను రాశాడు. డబ్బు సంచీ అతని దగ్గరే ఉండేదనీ, అందులోంచి తీసుకునేవాడనీ కూడా రాశాడు. ఈ కథ మీద నేను విన్న ప్రసంగాల్లో ఎక్కువభాగం ఆమె లెక్కచూడకపోవడాన్నే పొగిడాయి. కానీ ఆ బుడ్డి ఆమె చేతికెలా వచ్చిందో సువార్తలు చెప్పవు. ఎవరో ఎన్నేళ్ళో లెక్కచూసి దాచి ఉండాలి కదా. ఒక పూట లెక్కలేకుండా ఒలకబోయడానికి ఎన్ని పూటలు లెక్కగా ఉండాలో ఆలోచిస్తే, పొదుపునీ దుబారానీ ఎదురెదురుగా నిలబెట్టడం నాకిప్పుడు కుదరడం లేదు.

అయినా అమ్మ చేసిందంతా మంచిదేనని కూడా అనలేను. తెలియనివ్వకపోవడం వల్ల మాకు దేనికెంతవుతుందో తెలీకుండా పోయింది. పండగంటే దానంతటదే నిండుగా వస్తుందనుకుంటూ పెరిగాను. ఆ అట్టపెట్టెల గుట్టకీ ఆ చప్పటి టీకీ ఏదో సంబంధం ఉంది. చప్పటి టీ ఎందుకో అప్పుడే చెప్పుంటే బాగుండేది. కానీ చెప్పి ఉంటే ఆ అరిసె గొంతు దిగేదా?

షీటులో ‘అమ్మ’ అన్నచోటల్లా నా పేరో మా ఆవిడ పేరో వేశాం. సగం వరసలు అక్కడికక్కడే ఎగిరిపోయాయి. అరిసెలు కొన్నాం. కేకు కూడా కొన్నాం. స్టారు పాపా నేనూ రెండు ఆదివారాలు కూర్చుని చేశాం, ఒక మూల వంకర. గులాబీ పువ్వులు నేనే చేస్తానన్నాను. మైదా, బియ్యప్పిండి, గుడ్డు, కొబ్బరిపాలు, పంచదార. పిండి కలపడం తేలికే, అచ్చుతోనే గొడవ. అది నూనెలో బాగా కాగాలి, పిండిలో పైఅంచు మునగకుండా ముంచాలి. మునిగిందా, పువ్వు ఊడదు. మొదటి పదీ ఊడలేదు. మూడు గంటల్లో నలభై అయ్యాయి. చేతి మీద రెండు బొబ్బలు. అమ్మ ఒక్క రాత్రిలో రెండు వందలు చేసేది.

24న అమ్మ వచ్చింది. ఆమెకి చీర తెచ్చాను, అంతకు నాలుగు రోజుల ముందే, పూర్తి ధరకి. ఊళ్ళో అయితే ఏడాదిలో ఎప్పుడూ కొననంత ధర. చీటీ కత్తిరించేసి ఇచ్చాను. అంచు వేళ్ళ మధ్య నలిపి చూసి, “ఎంతయ్యా?” అంది.

“ఆషాఢంలో తీసుకున్నా. సగానికే వచ్చింది.”

నమ్మిందో లేదో తెలీదు. చీర మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. డబ్బా మూత తీసి ఒక గులాబీ పువ్వు కొరికి, “అచ్చు కాగకుండానే ముంచావు,” అంది.