'మా' అన్న మాట



ఇళ్ళ దీవెనలకు తిరుగుతూ ఒక ఇంటికి వెళ్ళాను. అత్తాకోడళ్ళ మధ్య మాటలు లేవు. ఏమిటమ్మా అని అడిగితే అత్తగారు కళ్ళొత్తుకుంటూ, "పెళ్ళయి ఆరేళ్ళయింది ఫాదర్‌గారూ. ఇంకా 'మా ఇంట్లో పప్పు ఇలా వండరు' అంటుంది. మరి ఇది ఎవరి ఇల్లు?" అన్నారు. కోడలు మెల్లగా, "అత్తయ్య కూడా 'మా ఇంటి పద్ధతి ఇది' అని నాతోనే అంటారు ఫాదర్. మరి నేనెవర్ని?" అంది.

తగవంతా ఒక్క అక్షరం దగ్గర వచ్చింది.

కొంచెం అటూ ఇటూగా ఇదే శబ్దం చాలా భాషల్లో ఉంది. సంస్కృతంలో 'మా' అంటే వద్దు. హిందీలో ముక్కుతో పలికితే అమ్మ. తమిళంలో మామిడి. ఇటలీ వారికి 'కాని'. హెబ్రీలో 'ఏమిటి?'. చైనా భాషలో పలికే స్వరాన్ని బట్టి అమ్మ కావచ్చు, నార మొక్క కావచ్చు, గుర్రం కావచ్చు, తిట్టడం కూడా కావచ్చు.

మరి అర్థం శబ్దంలో ఉందా? లేదనే అన్నాడు అరిస్టాటిల్. మాటకు అర్థం ప్రకృతి ఇచ్చినది కాదు, మనుషులు తమలో తాము ఒప్పుకున్నది. పునీత అగుస్తీనువారు 389 ప్రాంతంలో తన కుమారుడు అదెయోదాతుస్‌తో జరిపిన సంభాషణను 'గురువును గురించి' అనే గ్రంథంగా రాశారు. మాటలు గుర్తులు మాత్రమేననీ, గుర్తు దేనిని చూపుతోందో ఎరుగనివాడికి ఆ మాట ఏమీ నేర్పదనీ అందులో వాదించారు. గురువిద్యాలయంలో దీనిని పరీక్ష కోసం చదివాను. ఆ వంటింటి గుమ్మంలో నిలబడినప్పుడే నాకు నిజంగా బోధపడింది. కోడలు 'మా' అన్నప్పుడు ఆమె మనసులో ఉన్నది కన్నతల్లి చేతి వంట. అత్తగారు 'మా' అన్నప్పుడు ఆమె మనసులో ఉన్నది తనకు వంట నేర్పిన తన అత్తగారు. ఎదుటివారిని వెళ్ళగొట్టాలని ఇద్దరికీ లేదు.

అయినా గాయం తగిలింది. ఎందుకంటే మన తెలుగులో 'మా' అంటే వింటున్నవారు అందులో లేరని. 'మన' అంటే ఉన్నారని. లాటినులో, ఇంగ్లీషులో ఈ తేడా లేదు. రెంటికీ ఒకే మాట. మనకు ఆ వెసులుబాటు లేదు. నోరు తెరిచిన ప్రతిసారీ ఎదుటివారిని లోపల ఉంచాలో బయట ఉంచాలో మనం తేల్చుకోవలసిందే. 'ఊరికే అన్నాను' అంటే చెల్లదు.

'మా' అనడమే తప్పని నేననను. మా అమ్మ, మా ఊరు అనకుండా ఎలా? అందరికీ చెందినదానిని, అందులో భాగం ఉన్న మనిషి ముఖం మీదనే 'మాది' అన్నప్పుడు అది అన్యాయమవుతుంది. విచారణ పండుగ ఏర్పాట్లలో 'మా గుడి, మా తాతలు రాళ్ళు మోసి కట్టారు' అనే మాట ఎన్నిసార్లు వినలేదు? అవతలి పేటవారు అక్కడే చేతులు కట్టుకుని నిలబడి వింటుంటారు. చివరికి సమాధుల తోటలో కూడా 'మా వాళ్ళ వరుస' అంటాము.

పరలోక జపంలోనూ మనం 'మా' అనే అంటాము, 'మన' అనము. అక్కడ వింటున్నవాడు దేవుడు. ఆయన తండ్రి, మనం బిడ్డలం. కాబట్టి ఆ 'మా'లో పక్కన మోకరించినవారందరూ ఉన్నారు: కోడలు, అత్తగారు, అవతలి పేటవారు. దేవుని ముందు ఎవరిని కలుపుకుని 'మా' అన్నామో, గుడి మెట్లు దిగగానే వారినే తోసేస్తూ 'మా' అంటే, మన జపం అబద్ధమైపోదా?

ఆ ఇంట్లో ముగ్గురమూ కలిసి ఆ జపమే చెప్పుకున్నాము. తగవు తీరిందని చెప్పలేను. నేను లేచి వస్తుంటే కోడలు మాత్రం, "అత్తయ్యా, మన పప్పులో చింతపండు ఎంత వెయ్యమంటారు?" అని అడగడం వినపడింది.