జీవము వినోదవస్తువా?



సకల ప్రాణులయందును దయ యుండవలెననుట బసవేశ్వరుని బోధలకు మూలము. ఆకొన్న జీవికి పిడికెడు మెతుకులు వేయుట మాత్రమే దయ కాదు. మన చేతికి చిక్కిన జీవిని మనమేమి చేయుచున్నామో విచారించుటయు దయయే. నేడట్టి విచారణకు ఒక చిన్న చేప మనలను పిలుచుచున్నది.

గంగా బ్రహ్మపుత్రల పరీవాహక ప్రాంతమందలి కాలువలలో, వరిమళ్ల నీటిలో జీబ్రాచేప యను అల్పజీవి కలదు. వెండివన్నె మేనిపై నీలపు చారలు దాని సహజాలంకారము. 1999లో సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయమున డాక్టరు గాంగ్ జియువాన్ బృందము దాని పిండములో జెల్లీచేప జన్యువును ప్రవేశపెట్టెను. నీలికాంతి సోకినంతనే ఆ చేప పచ్చగా ప్రకాశించెను. నీటిలో విషము చేరినపుడు తాను వెలిగి మానవుని హెచ్చరింపగల చేపను రూపొందించుట వారి ఆశయము. జలమునకు కావలి కాయు ఈ యత్నము లోకహితమైన కాయకము వంటిది. ఆ వెలుగు ప్రోటీనును కనుగొని వృద్ధిచేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2008లో నోబెల్ బహుమానము లభించెను. కావున విద్యను నిందింపరాదు.

కాని ఆ విద్య అంగడికెక్కెను. పగడపు జాతి జీవుల జన్యువుతో ఎర్రవన్నె చేపలను కూడ పుట్టించి, గ్లోఫిష్ అను పేర అమెరికాలో అమ్మసాగిరి. ఇవి ఆహారము కావు గనుకను, మామూలు జీబ్రాచేపకంటె అధికమైన ముప్పు కానరాదు గనుకను నియంత్రింప పనిలేదని అచటి ఆహార ఔషధ సంస్థ 2003 డిసెంబరులో ప్రకటించెను. అదే మాసమున కాలిఫోర్నియా రాష్ట్రము మాత్రము అనుమతి నిరాకరించెను.

ఇచ్చట న్యాయము పాటింపవలెను. గాజుచేపలకు సూదితో రంగు గ్రుచ్చి అమ్ము క్రూరత వేరు. గ్లోఫిష్‌కు ఆ బాధ లేదు. దాని వన్నె పుట్టుకతో వచ్చి సంతానమునకు సంక్రమించును. అందువలననే మన బాధ్యత పెరుగుచున్నది. గ్రుచ్చిన రంగు కొన్నాళ్లకు వెలిసిపోవును. వంశమున చేర్చిన రంగును వెనుకకు తీసికొనుట మన వశము కాదు.

బ్రెజిల్ దేశమున వీని విక్రయము నిషిద్ధము. అయినను పెంపకపు చెరువులనుండి తప్పించుకొని, అచటి వాగులలో చేరి సంతానోత్పత్తి చేయుచున్నట్లు 2022లో పరిశోధకులు వెల్లడించిరి. ముచ్చట తీర్చుకొనువారు ఒకరు. దాని ఫలము ననుభవింపవలసి వచ్చునవి వాగులోని మూగజీవులు. మన దేశమందైతే ఈ చేప జ్ఞాతులే నీళ్లలో నున్నవి. విడిచినచో వానితో కలియుటకు అడ్డేమి?

కావున తొట్టిలో చేపలను పెంచు గృహస్థులారా! పుణ్యమని తలచి వానిని చెరువులో వదలకుడు. అది దయ కాదు. శుద్ధమైన నీరు, చాలినంత చోటు ఇచ్చి కడదాక పోషింపుడు. క్రొత్తగా కొనబోవునపుడు మీ బిడ్డలతో కూడి ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఈ వన్నె ఎవరికొరకు? దానివలన చేపకు ఒరిగినదేదియు లేదు. కంటికింపైన దానినెల్ల కోరక, ప్రాణమునకు హితమైన దానిని కోరుటయే శరణమార్గము.