ప్రశ్న, అతిప్రశ్న, అధికప్రసంగం: శాస్త్ర విద్యార్థి జిజ్ఞాసపై ఒక నైతిక పరిశీలన

తెలుగులో 'ప్రశ్న' అన్న మాట రెండు విరుద్ధమైన పనులు చేస్తున్నది. ఎరుగనివాడు తెలుసుకోవడానికి అడిగేది ప్రశ్న. ఎరిగినవాడు ఎదుటివాడికి తెలుసో లేదో తేల్చుకోవడానికి అడిగేదీ ప్రశ్నే. ప్రశ్నోపనిషత్తు పేరులో ఉన్నది మొదటి అర్థం, ప్రశ్నపత్రంలో ఉన్నది రెండవది. రెండవది పరీక్షల యుగంలో పుట్టిందని అనుకోనక్కరలేదు. మహావీరాచార్యుని గణితాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పద్యాలలోనూ లెక్క అడిగేది గ్రంథకర్తే, చెప్పవలసినవాడు పఠిత. అయితే భౌతిక, గణిత శాస్త్రాలు నేర్చే నేటి విద్యార్థికి ఈ రెండవ అర్థమే మిగిలి, మొదటిది క్రమంగా 'అధికప్రసంగం' కిందికి జరిగిపోయింది. ఈ స్థితిలో విద్యార్థి అడిగిన ప్రశ్నకు గురువు ఏ మేరకు ఋణపడి ఉంటాడన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో విద్యార్థి న్యూటన్ రెండవ గమన నియమం చదువుతాడు. అక్కడ ద్రవ్యరాశి అంటే తన వేగాన్ని మార్చబోయే బలానికి వస్తువు చూపే మొండితనం. ఆ తరువాత గురుత్వాకర్షణ పాఠం వస్తుంది. అక్కడ ద్రవ్యరాశి అంటే భూమి లాగితే లొంగే గుణం. రెండు చోట్లా ఒకే అక్షరం. సమీకరణానికి రెండు వైపులా దాన్ని కొట్టివేస్తే, గాలి అడ్డులేని చోట బరువైన రాయి, తేలికైన రాయి ఒకేసారి నేలను చేరతాయని తేలుతుంది. ఒక విద్యార్థి ఇక్కడ ఆగి, మొండితనమూ లొంగుబాటూ ఒకే కొలతతో ఎందుకు ఉండాలి, విద్యుదాకర్షణలో ఆవేశానికి ద్రవ్యరాశితో అలాంటి పొంతన లేదు కదా అని అడిగాడనుకుందాం. ఇది తెలివితక్కువ ప్రశ్న కాదు. న్యూటన్ స్వయంగా లోలకాలలో బంగారం, వెండి, సీసం, గాజు, ఇసుక, ఉప్పు, కొయ్య, నీరు, గోధుమలు పెట్టి ఊపి చూశాడు. తేడా కనిపించలేదు. అవి సమానమని కొలిచాడే కాని ఎందుకు సమానమో చెప్పలేదు. 1907లో ఐన్‌స్టీన్ ఆ సమానత్వాన్నే పట్టుకొని బయలుదేరి 1915 నాటికి సాధారణ సాపేక్ష సిద్ధాంతాన్ని చేరాడు. అక్కడ కూడా సమానత్వం సిద్ధాంతానికి పునాదిగా నిలిచిందే తప్ప, దాని వెనుక ఉన్న కారణం పూర్తిగా బయటపడలేదు. 2016లో అంతరిక్షానికి వెళ్లిన మైక్రోస్కోప్ ఉపగ్రహం టైటానియం, ప్లాటినంలతో అదే పరీక్షను మరింత సూక్ష్మంగా చేసింది. ఆ విద్యార్థి అడిగిన ప్రశ్ననే శాస్త్రజ్ఞులు ఇంకా అడుగుతున్నారు.

తరగతిలో దీనికి సాధారణంగా వచ్చే జవాబు 'అది పరీక్షకు రాదు' అని. అధ్యాపకుణ్ణి నిందించడం సులువే. ఈఏపీసెట్ (పూర్వపు ఎంసెట్) వంటి ప్రవేశపరీక్షలో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అంటే ఒక్కొక్కదానికి 67.5 సెకన్లు. ఆ వేగానికి పిల్లలను తయారుచేయమని నియమించిన మనిషి లోలకాల కథ చెప్పడానికి ఏ గంట ఎంచుకుంటాడు? కాని ఆ జవాబులోని దోషం సమయాభావం కాదు. ఆ వాక్యం ప్రశ్నను గురించి ఏమీ చెప్పదు. దానికి సమాధానం ఉందా, ఉంటే ఇప్పుడు అర్థమవుతుందా, అసలు ఎవరికైనా తెలుసా అన్నది తేలకుండానే విద్యార్థి కూర్చుంటాడు. ప్రశ్న విలువలేనిదన్న అభిప్రాయం మాత్రం అతనికి కలుగుతుంది, అది అసత్యం.

సున్నాతో భాగహారం విషయం వేరు. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అని బ్రహ్మగుప్తుడు 628లో అన్నాడు. భాస్కరాచార్యుడు బీజగణితంలో, సున్నా కాని సంఖ్యను సున్నాతో భాగిస్తే వచ్చేదాన్ని ఖహరమని పిలిచి, సృష్టి ప్రళయాలలో భూతాలు ఎన్ని వెలువడినా, ఎన్ని లీనమైనా మార్పు లేని అచ్యుతునితో పోల్చాడు. నేటి గణితం ఆ భాగహారాన్ని నిర్వచించకుండా వదిలింది. ఎందుకని అడిగిన విద్యార్థికి అయిదు నిమిషాలలో చెప్పవచ్చు: భాగఫలాన్ని సున్నాతో గుణిస్తే తిరిగి మొదటి సంఖ్య రావాలి, ఏ సంఖ్యా అలా రానివ్వదు. సున్నాను సున్నాతో భాగిస్తే ప్రతి సంఖ్యా రానిస్తుంది, అప్పుడు ఎంచుకోవడానికి ఆధారం ఉండదు. ఇక్కడ సమాధానం ఉంది. ద్రవ్యరాశి విషయంలో ఉన్నది సగం సమాధానం. ఈ తేడాను విద్యార్థి కనిపెట్టలేడు, గురువే చెప్పాలి.

పూర్వ వాఙ్మయం ప్రశ్నలన్నిటికీ స్వేచ్ఛ ఇచ్చిందనడం కూడా అతిశయోక్తి. బృహదారణ్యకంలో జనకుని సభలో గార్గి, నీళ్లు దేనిలో అల్లుకొని ఉన్నాయి, గాలి దేనిలో అంటూ బ్రహ్మలోకం దాకా వెళ్లేసరికి, అతిప్రశ్న వద్దు, తల రాలిపోతుందని యాజ్ఞవల్క్యుడు హెచ్చరించాడు. అది అనుమానంతో అడగదగిన విషయం కాదని, ఆగమంతో తెలియదగినదని శంకరుల వ్యాఖ్య. అంటే హద్దు గీసింది అడిగే పద్ధతికి. గార్గి కూడా దాన్ని అలాగే తీసుకున్నట్టుంది, అదే సభలో మళ్లీ లేచి రెండు ప్రశ్నలు వేసి అక్షరతత్త్వం చెప్పించుకుంది. తెలుగు ఇళ్లలో 'అధికప్రసంగి' అనిపించుకున్న పిల్లవాడికి రెండోసారి లేచే అవకాశం అరుదు. ఆ మాట అడిగినదాన్ని వదిలి అడిగినవాడి మీద పడుతుంది.

విద్యార్థికీ బాధ్యత ఉంది. 'జిజ్ఞాస' వ్యాకరణరీత్యా సన్నంతం, తెలుసుకోవాలన్న ఇచ్ఛ. 'కుతూహలం' ఒక వింత చూసి కలిగి, అది మరుగైతే పోయేది. పిప్పలాదుని వద్దకు సమిధలతో వచ్చిన ఆరుగురిని ఆయన ఇంకొక సంవత్సరం తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఉండమన్నాడు. ఆ గడువు కుతూహలాన్ని జిజ్ఞాస నుంచి వేరుచేసే జల్లెడ అనుకోవచ్చు. చేత్తో లెక్క చేసి, రెండు వైపులా ద్రవ్యరాశిని కొట్టివేసినవాడికే ఆ సమానత్వం వింతగా తోస్తుంది. సూత్రం బట్టీపట్టినవాడికీ, లెక్క చేయకుండా తత్త్వం మాట్లాడేవాడికీ అది కనిపించదు. ఈ మేరకు అభ్యాసాన్ని నిందించే నేటి విద్యా విమర్శ కొంత తొందరపడుతున్నది.

గడువు పెట్టినప్పుడు పిప్పలాదుడు మరొక మాట కూడా అన్నాడు: మాకు తెలిస్తే చెబుతాం. ఆ షరతు గురువు తన మీద పెట్టుకున్నది. తరగతిలో 'తెలియదు' అనడం అధికారానికి లోటని భావించే చోట, 'పరీక్షకు రాదు' అన్నది దాని స్థానంలో చేరుతుంది. అదే ఉపనిషత్తులో ఆరవ ప్రశ్న అడిగిన సుకేశుడు తన అనుభవం చెబుతాడు. కోసల రాజకుమారుడు హిరణ్యనాభుడు తనను షోడశకళా పురుషుని గురించి అడిగాడు. తెలియదన్నాడు సుకేశుడు, తెలిస్తే ఎందుకు చెప్పనని కూడా అన్నాడు, అసత్యం పలికినవాడు వేళ్లతో సహా ఎండిపోతాడన్నాడు. రాజకుమారుడు మారుమాట లేకుండా రథమెక్కి వెళ్లిపోయాడు. అతనికి తరువాత ఎవరైనా చెప్పారో లేదో ఉపనిషత్తు చెప్పలేదు. సుకేశుడు మాత్రం ఆ ప్రశ్నను మోసుకొని పిప్పలాదుని వద్దకు వచ్చాడు.