సఖ్యతకు ముందు సాక్ష్యం

అన్యాయానికి గురైన జాతి పెద్దలు తమ జీవితగాథలు చెప్పుకొంటే, వారికీ అన్యాయం చేసిన సమాజానికీ సఖ్యత యేర్పడుతుందా? యీ ప్రశ్న దూరదేశాల్లో పుట్టినట్టు కనిపించవచ్చు. కాని వరంగల్లులో చదువుకునేవారికీ, చదువు చెప్పేవారికీ ఇది ఇంటి ప్రశ్నే.

రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమికి లక్షలాది జనం యీ నగరం మీదుగా మేడారం పోతారు. కరువులో కప్పం కట్టలేమన్న కోయల మీదికి కాకతి ప్రతాపరుద్రుని సైన్యం వచ్చిందనీ, సమ్మక్క పోరాడి చిలుకలగుట్టలో కనుమరుగైందనీ గాథ. కొడుకు జంపన్న ప్రాణం విడిచిన సంపెంగవాగే నేటి జంపన్నవాగు. ఆమెపై దండెత్తిన రాజ్యపు తోరణాన్ని గర్వచిహ్నంగా నిలుపుకున్న నగరమే, ఆమె గద్దె ముందు నిలువెత్తు బెల్లం తూచి బంగారమని సమర్పిస్తుంది. 1996లో ప్రభుత్వం ఆ జాతరను రాష్ట్ర పండుగ చేసింది. ఇంతకు మించిన సఖ్యత యేముంటుందని కొందరు అడగవచ్చు.

అయితే మొక్కటం వేరు, వినటం వేరు. దేవతగా సమ్మక్క కోరేది బెల్లమే; మనిషిగా ఆమె నిలిచినది పన్ను మోయలేని జనం పక్షాన. డోలి కొట్టి వంశగాథలు పాడే కోయ పెద్దలు ఆ కథను తమ చరిత్రలో భాగంగానే పాడుతారు. అటువంటి గాయకుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. గాయకుడికి గౌరవం దక్కింది, మంచిదే. పాటలోని ఫిర్యాదుకు జవాబు మాత్రం యింకా బాకీ వున్నది.

కెనడాలో ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడులలో బంధించిన చరిత్రను విచారించటానికి ఒక సంఘం 2008 నుంచి 2015 వరకు పనిచేసింది. ఆరువేల మందికి పైగా చెప్పినది విన్నది. విని వూరుకోలేదు, 94 కర్తవ్యాలను ప్రభుత్వం ముందు, సమాజం ముందు వుంచింది. ఆస్ట్రేలియాలో అటువంటి నివేదిక 1997లోనే వెలువడినా, పార్లమెంటులో ప్రధాని క్షమాపణ చెప్పటానికి 2008 దాకా పట్టింది. కథ చెప్పటంతో పని మొదలవుతుందే గాని ముగియదని రెండు అనుభవాలూ చెబుతున్నాయి.

మనకు అటువంటి సంఘం లేదు. కాని 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకున్నది. ఆ చట్టం కింద వచ్చిన నిబంధనలు, హక్కు కోరేవారు కాక ఇతర పెద్దలు చెప్పిన మాటను రాసుకొని సాక్ష్యాలలో ఒకటిగా స్వీకరించవచ్చన్నాయి. ఇది చిన్న మార్పు కాదు. అడవికి గీత గీసినవాడి చేతిలో కాగితం వుంది; అడవిలో పుట్టినవాడి దగ్గర జ్ఞాపకం మాత్రమే వుంది. తరతరాలుగా కాగితమే గెలిచింది. బావి యెవరు తవ్వారు, యే రాయి కింద యే తాత వున్నాడు అన్న ముసలివాడి మాటకు చట్టం యిప్పుడు విలువ యిచ్చింది.

నైతిక ప్రశ్నకు కీలకం ఇక్కడే వున్నది. కథ విన్నవాడు కన్నీరు పెట్టి లేచిపోవచ్చు. సాక్ష్యం విన్నవాడు తీర్పు చెప్పక తప్పదు. కన్నీరు పెట్టి భూమిని మాత్రం వదలనివాడికి రెండు లాభాలు: భూమీ మిగిలింది, మనస్సాక్షీ శాంతించింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో వున్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని, కాదని రుజువయ్యేదాకా, భావించాలని 1970 నాటి భూబదలాయింపు నిబంధన చెప్పింది. రుజువు భారం యెవరి మీద వుందో చట్టమే తేల్చిన తర్వాత, గిరిజనుణ్ణే రాజీపడమనటం యే నీతి? రాజీ అంటే చెరికొంత వదులుకోవటం. ఒకరు అప్పటికే అంతా వదులుకొని వుంటే అది రాజీ కాదు, లొంగుబాటు.

జ్ఞాపకం పొరబడుతుందని ఆక్షేపించవచ్చు. నిజమే. పట్వారీ పహాణీ పొరబడలేదా? పొరబాటుకు మందు మరికొందరిని వినటమే గాని, నోరు మూయించటం కాదు.

ఇంతకన్నా కఠినమైన ఆక్షేపణ మరొకటి వుంది. పెద్దల కథలు పాత పగలను రేపవా? 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగలలో చేరారు. భూమి, చదువు, కొలువులు తమకు దక్కలేదన్న ఆదివాసుల ఆవేదన 2017లో ఉట్నూరు ప్రాంతంలో హింస దాకా పోయింది. ఆ ఆవేదన కల్పితం కాదు. ఎడ్ల మీద వుప్పు, ధాన్యం మోసి, రైళ్లు వచ్చాక బతుకుతెరువు పోగొట్టుకున్న లంబాడీల గాథా కల్పితం కాదు. విసునూరు దొరపై ధర్మాపురం లంబాడీలు చేసిన భూపోరాటమూ కల్పితం కాదు. ఒక్క పెద్దనే వింటే పగ పెరగవచ్చు. ఇద్దరినీ ఒకేచోట వింటే, ఇద్దరికీ చాలని వాటాను ఇద్దరి మధ్య పెట్టిన మూడవవాడు కనిపిస్తాడు.

మన వుద్యమ చరిత్ర కూడా యీ పరీక్షకు నిలవాలి. 1946-51 సాయుధ పోరాటం గోదావరి అడవులకు చేరినప్పుడు కోయలు దళాలకు తిండి పెట్టారు. అందుకు వారి గూడేలను సైన్యం ఖాళీ చేయించి శిబిరాలలోకి తోలింది. మన పుస్తకాలలో వారు సహాయకులుగా కనిపిస్తారు, కథకులుగా అరుదు. 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో స్త్రీలు స్వయంగా మాట్లాడగానే అదే పోరాటం మరోలా కనిపించింది. ఆనాటి పదేళ్ల కోయ పిల్లవాడు నేడు ఎనభై దాటినవాడు. అతని మాటకు యిక యెక్కువ వ్యవధి లేదు.

కనుక విద్యార్థులు తాడ్వాయి, ఏటూరునాగారం గూడేలకు పోవాలి. పరిశోధనాపత్రానికి సరుకు తెచ్చుకోవటానికి కాదు. పెద్దలు చెప్పినది వారి భాషలోనూ తెలుగులోనూ రాసి, వారికే చదివి వినిపించి, సవరించి, ఒక ప్రతి గ్రామసభకు అప్పగించాలి. ఆ కాగితం భూమి దరఖాస్తుకు పనికివచ్చిన రోజున, సఖ్యతను గురించి అడిగే అర్హత మనకు కొంత వస్తుంది. ఆ తర్వాత సఖ్యత యివ్వటమా మానటమా అన్నది వారి యిష్టం.